పోర్టు పక్కనే ఉంది, టైల్స్ మాత్రం లారీల్లోనే! విదేశీ ఓడల్ని రానిస్తే కిరాయి తగ్గుతుందా?

బరంపురం_టైల్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది బరంపురం, లంజిపల్లి వైపు టైల్స్, శానిటరీ సామాను దుకాణం. నాన్నగారు సున్నం, సిమెంటుతో మొదలుపెట్టారు. ఇప్పుడు సరుకులో ముప్పాతిక వంతు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్సే. అవి నాగపూర్, రాయపూర్ మీదుగా లారీలో వస్తాయి. అంతా బాగుంటే వారం, వానాకాలమైతే పది రోజులు కూడా దాటుతుంది, డ్రైవరు ఫోన్ ఎత్తడం మానేస్తే ఇక మన టెన్షన్ మనదే.

మొన్న వచ్చిన లోడులో టూ బై ఫోర్ సైజు పెట్టెలు తొమ్మిదింటికి మూలలు కొట్టుకుపోయి ఉన్నాయి. పైకి కనపడే పగుళ్లతో పెద్ద బాధ లేదు, పక్కన పెట్టేస్తాం. కనపడనివే ముంచుతాయి. అందుకే మా దుకాణంలో ప్రతి టైలునీ వేలి కణుపుతో కొట్టి చూస్తాం, మంచిదైతే ఖంగుమంటుంది, లోపల గీత ఉంటే కుండ పగిలినట్టు డబ్ అంటుంది. అలా కొట్టి కొట్టి మా కుర్రాడి కణుపులు కాయలు కాశాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి చెబితే బిల్టీ (లారీ రసీదు) వెనక్కి తిప్పి, పగిలితే మా బాధ్యత కాదన్న ఆ చిన్న అక్షరాలు చూపిస్తారు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మోర్బీలో మా సరుకు పంపే ఆయన మాటల్లో చెప్పాడు, కొచ్చి పార్టీలకి, తూత్తుకుడి పార్టీలకి వాళ్లు కంటైనర్లో వేసి ఓడ మీదే పంపుతారట, కిరాయి కలిసొస్తుందట, పగలడం కూడా తక్కువట. నాకు కడుపు మండింది. మా ఇంటి నుంచి గోపాల్‌పూర్ పోర్టుకి ముప్పావుగంట ప్రయాణం. రాత్రిపూట ఛత్రపూర్ దాటుతుంటే పోర్టు లైట్లు కనిపిస్తాయి. అంత దగ్గర రేవు పెట్టుకుని నేను దేశం అడ్డంగా లారీ నడిపించుకోవడం ఏమిటి?

దీని గురించి వెతికితే తేలింది ఇది: మన తీరం వెంబడి ఒక రేవు నుంచి ఇంకో రేవుకి సరుకు మోయడం మన జెండా ఓడలకే (మన దేశంలో రిజిస్టరైనవాటికే) ముందు హక్కు, విదేశీ ఓడలకి లైసెన్సు కావాలి. దీన్నే కాబొటాజ్ అంటారట. 2025లో దీని మీద కొత్త చట్టం కూడా వచ్చిందని పేపర్లో చదివాను. అంటే మన ఓడల వాళ్ల కడుపు నింపడానికి నాలాంటివాడు ఎక్కువ కిరాయి కడుతున్నాడా? గేట్లు పూర్తిగా తెరిచేస్తే, ఎవడు చవగ్గా తెస్తే వాడి ఓడలో తెచ్చుకుంటే, నాకు గోపాల్‌పూర్‌లోనే కంటైనర్ దిగదా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. రాజకీయం వద్దు, లెక్క చెప్పండి.

వైజాగ్_ఫార్వార్డింగ్

తమ్ముడూ, నాది ఇచ్ఛాపురం, మీ పక్క ఊరే. 22 ఏళ్లుగా వైజాగ్‌లో ఫార్వార్డింగ్ పని, అంటే వ్యాపారుల సరుకు ఓడల్లో బుక్ చేసి పంపించడం. నీ కోపం న్యాయమైనదే కానీ అది వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు.

ముందు చట్టం సంగతి. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టంలో 407వ సెక్షన్ అని ఉండేది. మన ఓడ గానీ, మనవాళ్లు అద్దెకి తీసుకున్న ఓడ గానీ కాకపోతే డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు లేకుండా తీర వ్యాపారం చెయ్యకూడదని దాని సారాంశం. తప్పు చేస్తే ఆర్నెల్ల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! ఓడలో ఒకపూట చాయ్ ఖర్చు. 2025 ఆగస్టులో వచ్చిన తీర నౌకాయాన చట్టంలో ఆ భాగాన్ని తీసేసి విడిగా రాశారు. మన ఓడలు తీరంలో తిరగడానికి కూడా ఇదివరకు తీసుకోవాల్సిన జనరల్ లైసెన్సు ఇక అక్కర్లేదు, విదేశీ ఓడలకి మాత్రం కావాలి, లైసెన్సు లేకుండా తిరిగితే జరిమానా 15 లక్షల దాకా లేదా ఆ ప్రయాణంలో సంపాదించినదానికి నాలుగింతల దాకా, ఏది ఎక్కువైతే అది. కాబట్టి గేటు తెరిచారని అనుకోకు. గేటు అక్కడే ఉంది, తాళం మార్చారు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలీదు. 2018 మే నెలలో ప్రభుత్వం సగం గేటు తెరిచింది. ఎగుమతి దిగుమతుల సరుకున్న కంటైనర్లని విదేశీ ఓడలు లైసెన్సు లేకుండా మన రేవుల మధ్య మోసుకోవచ్చు. ఖాళీ కంటైనర్లు కూడా. కొలంబోలో దిగి ఎక్కే మన సరుకు మన రేవుల్లోనే దిగి ఎక్కాలని ఆ ఆలోచన. అదే ఏడాది వ్యవసాయ సరుకులకి, చేపలకి, ఎరువులకి కూడా కొన్ని షరతులతో సడలింపులు ఇచ్చారు. నీ టైల్స్ ఏ జాబితాలోనూ లేవు. అంటే ఏమిటంటే, ఒక విదేశీ ఓడ గుజరాత్‌లోని ముంద్రా రేవులో ఖాళీ డబ్బా ఎక్కించుకుని మా వైజాగ్‌కి తేవచ్చు. అదే డబ్బాలో నీ టైల్స్ వేస్తే లైసెన్సు కావాలి! ఖాళీది రావచ్చు, నిండుది రాకూడదు. నువ్వు కోప్పడాలంటే దీని మీద కోప్పడు, నేనూ నీతో కలుస్తాను.

కానీ నీ అసలు ప్రశ్న గోపాల్‌పూర్‌లో ఎందుకు దిగదని కదా. దానికి జెండాతో సంబంధం లేదు. గోపాల్‌పూర్ గుట్ట సరుకు రేవు. బొగ్గు, ఇనుప ఖనిజం, సున్నపురాయి, పక్కనే ఛత్రపూర్‌లో ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీ వాళ్ల ఇసుక ఖనిజాలు, ఇవీ అక్కడి లోడులు. కంటైనర్ ఓడ ఆటోలాంటిది కాదు, బస్సులాంటిది. వారానికోసారి ఒకే రోజున రావాలి, వచ్చినప్పుడల్లా కొన్ని వందల డబ్బాలు దిగాలి, ముఖ్యంగా కొన్ని వందలు ఎక్కాలి. నీకు నెలకి ఎన్ని డబ్బాలు? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, ఇటు పలాస దాకా టైల్స్ దుకాణాలన్నీ కూడగట్టినా ఓడకి ఒక మూల నిండదు. సరే, కూడగట్టావు, తెచ్చావు. తిరుగు లోడు ఏది? మీ లారీవాడు బరంపురంలో దింపి, రాయగడ వైపో ఇంకెటో పోయి ఏదో ఒకటి ఎక్కించుకుని పోతాడు, ఏమీ దొరక్కపోతే రెండు రోజులు పడుకుంటాడు. ఓడ అలా పడుకోలేదు తమ్ముడూ, రోజు కిరాయి లక్షల్లో కరుగుతుంది. కొచ్చికి టైల్స్ చవగ్గా వెళ్తున్నాయంటే అక్కడ కొనేవాళ్లు వేలల్లో ఉన్నారు, పైగా అది ముంద్రా, కాండ్లా ఉన్న తీరమే, నేరుగా దిగడమే. మన వైపుకి రావాలంటే ఓడ సిలోన్ (శ్రీలంక) చుట్టి రావాలి. ఆ చుట్టు తప్పించడానికి సేతుసముద్రం కాలువ అని 2005లో తవ్వడం మొదలుపెట్టి ఆపేశారుగా.

గోపాల్_పూర్_గాలి

ఫార్వార్డింగ్ అన్న అంతా చెప్పాడు కానీ ఒకటి వదిలేశాడు. పోటీ అంటే ఓడల మధ్యేనా, రేవుల మధ్య అక్కర్లేదా? గోపాల్‌పూర్ పోర్టు 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫానుకి దెబ్బతింది, తర్వాత చేతులు మారింది, 2024లో అదానీ పోర్ట్స్ 95 శాతం వాటా కొనుక్కుంది. ముంద్రా వాళ్లదే, కృష్ణపట్నం వాళ్లదే, గంగవరం వాళ్లదే, పైన ధామ్రా వాళ్లదే. ఎక్కే చోటూ దిగే చోటూ ఒకడిదే అయినప్పుడు ఓడ ఏ దేశానిదైతే నీకేమిటి?

మంచే జరగొచ్చు కూడా, కాదనను. ఒకే యజమాని కాబట్టి వాడే ఒక సర్వీసు నడిపి గోపాల్‌పూర్‌ని కలపొచ్చు. కలపకపోతే అడిగే నాథుడు లేడు, అదీ సంగతి. వైజాగ్ లాంటి కేంద్రం రేవుల్లో తీర సరుకుకి మామూలు చార్జీలో 60 శాతానికి మించి తీసుకోకూడదని ఏళ్ల తరబడి నిబంధన ఉంది, బొగ్గు, చమురు, ఇనుప ఖనిజాలు తప్పిస్తే. రాష్ట్రాల కింద ఉన్న ప్రైవేటు రేవులకి ఆ గొడవ లేదు, రేటు వాళ్లిష్టం.

సోంపేట_ఇంజనీర్

నేను ఓడలో పనిచేసేవాణ్ణి, ఇండియన్ జెండా, బొగ్గు ఓడ. పారాదీప్‌లో తాల్చేరు బొగ్గు ఎక్కించుకుని ఎన్నూరులో దింపడం, మళ్లీ ఖాళీగా పారాదీప్. మన తీరంలో సరుకు అంటే ముందు ఇదే, తమిళనాడు కరెంటు బొగ్గు. ఇక్కడా తిరుగు లోడు సున్నా, ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు కూడా బొగ్గు మీదే పడుతుంది. ఇప్పుడు రాస్తున్నది కూడా పారాదీప్ బయట లంగరు వేసుకుని బెర్త్ (రేవులో ఓడ ఆగే చోటు) కోసం ఎదురుచూస్తూనే, సిగ్నల్ ఒక గీత ఉంది, మధ్యలో పోతే ఏమనుకోకండి.

"మన ఓడల వాళ్ల కడుపు నింపడానికి" అని రాశారు చూడండి అన్నా, అది మాత్రం గుచ్చుకుంది. మాకు రక్షణ ఇచ్చామంటారు కదా, దానితోపాటు ఏం తగిలించారో కూడా చూడండి. విదేశాలకి వెళ్లే ఓడ ఇక్కడ ఇంధనం నింపుకుంటే పన్ను భారం ఉండదు, తీరంలో తిరిగే ఓడకి జీఎస్టీ. ముందు 18 ఉండేది, తర్వాత 5 శాతం చేశారు, పోనీ అనుకోండి. అంతవరకు విదేశాలు తిరిగిన ఓడని తీర ప్రయాణానికి మార్చుకోవాలంటే ట్యాంకుల్లో మిగిలిన నూనె కొలిచి దానికి సుంకం కట్టాలి, ఆ కస్టమ్స్ కాగితాలు అయ్యేదాకా ఓడ కదలదు. 2020 జనవరి నుంచి గంధకం తక్కువున్న నూనే వాడాలన్న నిబంధన వచ్చాక ఖర్చు ఇంకా పెరిగింది.

ఇక మా జీతాలు. నాతో చదువుకున్నవాడు విదేశీ జెండా ఓడలో చేస్తాడు, ఏడాదిలో సగం పైన దేశం బయట ఉంటాడు కాబట్టి వాడికి ఇన్‌కమ్ టాక్స్ లేదు. నేను తీరం దాటను కాబట్టి నాకు ఉంది. అదే ఇంజను, అదే వేడి, అదే గ్రీజు. మంచి ఇంజనీరు మన ఓడలో ఉండాలంటే కంపెనీ ఆ తేడా కూడా జీతంలో కలిపి ఇవ్వాలి, అది మళ్లీ కిరాయిలో మీ మీదే పడుతుంది. కాళ్లకి బండ కట్టి పరుగు పందెంలో నిలబెట్టి, పక్కవాణ్ణి కూడా దింపుదాం పోటీ ఉంటుంది అంటే ఎలా? ముందు బండ విప్పండి.

ఇంకో మాట. గేట్లు పూర్తిగా తెరిచారనుకుందాం. విదేశీ లైను వాడు తన పెద్ద రూటులో ఖాళీ ఉన్నప్పుడు మీ టైల్స్ ఉత్తపుణ్యానికి తెస్తాడు, ఎందుకంటే ఓడ ఎలాగూ వస్తోంది. మన ఓడల వాడు ఆ రేటుకి తట్టుకోలేక రెండేళ్లలో ఓడ అమ్ముకుంటాడు. తర్వాత 2021 లాంటి ఏడాది వస్తే? అప్పుడు డబ్బాలకే కరువొచ్చింది, కిరాయిలు ఆకాశంలో ఉన్నాయి, ఎక్కడ ఎక్కువ డబ్బొస్తే ఓడలు అటు పరిగెత్తాయి. అలాంటప్పుడు మీ బరంపురం టైల్స్ కోసం ఎవడు ఆగుతాడు?

బరంపురం_టైల్స్

ఇంజనీరు తమ్ముడూ, నిన్ను నొప్పించాలని కాదు, క్షమించు. మా దుకాణంలో కూర్చుని చూస్తే ఓడ అంటే పెద్ద కంపెనీయే కనిపిస్తుంది, లోపల మనూరి కుర్రాడు ఉంటాడని తట్టలేదు.

అయినా నాకో సందేహం. నువ్వు చెప్పిన బండ కథ నిజమే, కానీ 1958 నుంచి 60 ఏళ్లు గేటు మూసి ఉంచారు కదా, ఆ అరవై ఏళ్లలో మన ఓడల వాళ్లు ఏం పొడిచారు? దేశంలో కదిలే సరుకులో తీరం వాటా ఆరు శాతం దగ్గరే ఉందని చదివాను. పోటీ లేకపోతే ఎవరైనా ఇంతే. మా బజారులో ఒక్క టైల్స్ దుకాణమే ఉంటే నేను కూడా పగిలినవి అంటగట్టేవాణ్ణేమో.

పర్లాకిమిడి_మాస్టారు

నాయనలారా, మీ వాదన చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఇదే వాదన వందేళ్ల కిందట మన తీరం మీదే జరిగింది. రిటైరై పదేళ్లయింది, పాత సంగతులు చెప్పడం తప్ప పని లేదు, ఓపిక ఉంటే చదవండి.

గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, వీటన్నిటికీ ఒకప్పుడు స్టీమర్లు వచ్చేవి. రేవు లేదు, గోడ లేదు, స్టీమరు దూరంగా నిలబడేది, కుట్టిన మసూలా పడవల్లో జనాన్నీ మూటల్నీ అలల మీద తోసుకుంటూ తీసుకెళ్లేవారు. మా తాతగారు అలాగే గోపాల్‌పూర్‌లో ఎక్కి రంగూన్ వెళ్లారు, పడవ ఊగినప్పుడు కొత్త చెప్పులు ఒకటి నీళ్లలో పడిపోతే రెండోది కూడా విసిరేశారట, దొరికినవాడికైనా జత పనికొస్తుందని. ఆ స్టీమర్లు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి, బీఐ అనేవారు. గేటు అప్పుడు బార్లా తెరిచే ఉంది, ఏ జెండా అయినా రావచ్చు. పోటీ ఉందా? లేదు! ఎవడైనా కొత్తగా ఓడ దింపితే బీఐ కిరాయి తగ్గించేది, కొత్తవాడు మునిగాక మళ్లీ పెంచేది. వ్యాపారులకి ఇంకో ఉచ్చు, వాయిదా రిబేటు అని. కట్టిన కిరాయిలో కొంత కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది, కొన్ని నెలలపాటు ఇంకెవరి ఓడలోనూ సరుకు పంపకపోతేనే తిరిగి ఇస్తుంది. ఒక్కసారి వేరే ఓడ ఎక్కించావా, అంతకుముందు కంపెనీ దగ్గర ఉండిపోయిందంతా పోయినట్టే.

తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి కొలంబోకి ఓడలు నడిపితే, తెల్లవాళ్ల కంపెనీ టిక్కెట్టు తగ్గించి తగ్గించి చివరికి ఉచితంగా ఎక్కించుకుని పైగా ఒక గొడుగు కూడా ఇస్తామందని చెప్పుకుంటారు. 1908లో ఆయన్ని జైల్లో వేశారు, 1911కి కంపెనీ ఎత్తేశారు. తర్వాత 1919లో సింధియా కంపెనీ వచ్చింది, అది మాత్రం నిలబడింది. వైజాగ్‌లో సింధియా జంక్షన్ అని బస్సు దిగుతారే, ఆ పేరు ఆ కంపెనీదే. వాళ్లు 1941లో అక్కడ ఓడల కార్ఖానాకి పునాది వేయించారు, 1948 మార్చిలో జల ఉష అనే ఓడని నెహ్రూ అక్కడే నీళ్లలోకి దించారు. బస్సెక్కేవాళ్లలో ఎందరికి తెలుసో!

తీరం మన ఓడలకే ఉంచాలని సారాభాయి నేమ్‌చంద్ హాజీ 1928లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. తెల్లవాళ్లు అదే అన్నారు, పోటీ చచ్చిపోతుంది, కిరాయి పెరుగుతుంది, వ్యాపారి నష్టపోతాడని. సరిగ్గా టైల్స్ అబ్బాయి అన్నమాటే. స్వాతంత్ర్యం వచ్చాక గానీ తీరం మన జెండాకి రాలేదు. కాబట్టి తెరిచిన గేటు దగ్గర పోటీ తనంతట తను పుడుతుందని నమ్మకు అబ్బాయి. అలాగని మూసిన గేటు వెనక మనవాళ్లు బద్ధకించలేదని కూడా నేను అనను. టైల్స్ అబ్బాయి అడిగిన ఆ అరవై ఏళ్ల ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు.

వైజాగ్_ఫార్వార్డింగ్

మాస్టారూ, నమస్కారం. సింధియా జంక్షన్ మీదుగా రోజూ ఆఫీసుకి వెళ్తాను, ఇవాళ బోర్డు వంక కొత్తగా చూశాను.

ఇంజనీరుతో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. బండ విప్పాలి, నిజం. కానీ టైల్స్ లాంటి డబ్బా సరుకులో మన జెండా ఓడలు నడిపే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక ఓడ మరమ్మతుకి డ్రైడాక్‌కి వెళ్తే నెలంతా సర్వీసు లేదు, నేను చూసినవే ఎన్నో. అమెరికాలో 1920 నుంచి జోన్స్ చట్టం అని ఉంది, అక్కడ తీరంలో మోయాలంటే ఓడ వాళ్ల దేశంలోనే కట్టాలి, యజమాని, సిబ్బంది వాళ్లవాళ్లే ఉండాలి. దాంతో అక్కడ ఓడ ధర ఆకాశానికి పోయి వాళ్ల కిందే ఉన్న ప్యూర్టోరికో ద్వీపం వాళ్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. మనం అంత బిగించలేదు, అంత వదల్లేదు. మన ఓడ దొరకనప్పుడే విదేశీ ఓడకి లైసెన్సు అనే పద్ధతి సబబే, కానీ అడిగినవాడికి ఎన్ని రోజుల్లో జవాబు చెప్తారనేదే అసలు పరీక్ష. పది రోజులు ఆగితే సరుకు లారీ ఎక్కేస్తుంది.

లారీ అంటే గుర్తొచ్చింది, దీని గురించి ఎవరూ అనలేదు. 2018 జూలైలో లారీల లోడు పరిమితి 20 నుంచి 25 శాతం దాకా పెంచారు. అదే లారీ, అదే డీజిలు, ఎక్కువ టన్నులు. ఆ ఒక్క కాగితంతో టన్నుకి లారీ కిరాయి దిగింది, ఓడల వాళ్లకి ఆ రోజు పడిన దెబ్బ విదేశీ ఓడలు వేసినదానికంటే పెద్దది. నీ పోటీ అక్కడుంది తమ్ముడూ. ఓడకి ఓడ పోటీ కాదు, మోర్బీ నుంచి నీ గుమ్మం దాకా వచ్చే లారీ పోటీ. ఓడలో సముద్రం మీద మిగిలిందంతా రెండు చివర్లలో కరిగిపోతుంది: మోర్బీ నుంచి రేవుకి ట్రైలరు, అక్కడ ఎక్కించే కూలి, ఇక్కడ దించే కూలి, రేవు నుంచి నీ దుకాణానికి మళ్లీ ట్రైలరు, ఖాళీ డబ్బా వెనక్కి.

సరే, వాదన చాలు, నీకు పనికొచ్చేది చెప్తాను. గోపాల్‌పూర్ మర్చిపో, వైజాగ్‌లో దింపుకో. వైజాగ్ నుంచి బరంపురం 270 కిలోమీటర్ల చిల్లర, పదహారో నంబరు హైవే, రాత్రి బయలుదేరితే తెల్లారేసరికి నీ గోడౌన్. ఒక్కడివే కాకుండా పక్క దుకాణాల వాళ్లతో కలిసి నాలుగైదు డబ్బాలు ఒకేసారి అడిగితే రేటు మాట్లాడొచ్చు. టైల్స్ బరువు సరుకు కాబట్టి ఇరవై అడుగుల డబ్బాయే చాలు, సగం ఎత్తుకే బరువు అయిపోతుంది. పైన ఖాళీ ఉంది కదా అని ఆశపడకు. ఆ సగం ఎత్తు కూడా కదలకుండా చెక్కలు బిగించాలి, గాలి సంచులు పెట్టమను, లేదంటే సిలోన్ దగ్గర అలలకి మీ లారీ గతుకులే నయం అనిపిస్తుంది.

ఒక ముఖ్యమైన సంగతి, దీని దగ్గరే కొత్తవాళ్లు దొరికిపోతారు. ఈ-వే బిల్లులో (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం) ఓడ ప్రయాణం కూడా కలిసిందని సరిగ్గా రాయించు. మామూలుగా 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు ఇస్తారు, మధ్యలో ఓడ ఉంటే 20 కిలోమీటర్లకే ఒక రోజు. అది రాయకుండా లారీలాగే తీస్తే ఓడ సిలోన్ దాటకముందే బిల్లు చచ్చిపోతుంది, ఇక్కడ చెక్‌పోస్టులో నువ్వు నిలబడాలి. వైజాగ్ దాకా సర్వీసు ఆ నెలలో నడుస్తోందో లేదో కూడా ముందే అడుగు, ఇవి మారుతూ ఉంటాయి.

గోపాల్_పూర్_గాలి

అంటే పక్కింట్లో బావి ఉంది, నీళ్లు మాత్రం వైజాగ్ నుంచి మోసుకో అంటావు. బాగుంది అన్నా.

వైజాగ్_ఫార్వార్డింగ్

బావిలో నీళ్లున్నాయి గాని చేద లేదు బాబూ. గోపాల్‌పూర్‌లో వారానికి ఒక కంటైనర్ ఓడ ఆగిన రోజు మొదటి డబ్బా నేనే బుక్ చేస్తాను, నా ఖర్చు మీద నీకు గోపాల్‌పూర్ బీచ్‌లో చేపల వేపుడు.

సోంపేట_ఇంజనీర్

బెర్త్ దొరికింది, వెళ్తున్నా. టైల్స్ అన్నా, కంటైనర్ తెప్పిస్తే ఎలా వచ్చిందో రాయండి. చెక్కలు బిగించేటప్పుడు మీవాణ్ణి ఎవరినైనా దగ్గరుండమనండి, ఎక్కించేవాడికి తొందర, సముద్రానికి తొందర లేదు.

బరంపురం_టైల్స్

రెండున్నర నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. నేను, రాయగడ పార్టీ ఒకాయన, పలాసలో ఇంకొకాయన కలిసి మూడు డబ్బాలు తెప్పించాం. ఫార్వార్డింగ్ అన్న చెప్పినట్టే ఈ-వే బిల్లు, చెక్కలు, గాలి సంచులు. ఓడ ఒకసారి వాయిదా పడింది, మొత్తం ప్రయాణం లారీకి మూడు రెట్లు పట్టింది. నా డబ్బా సీలు తెంచినప్పుడు గుండె కొట్టుకుంది గాని, లోపల పెట్టెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మా కుర్రాడు వేలితో కొట్టుకుంటూ పోయాడు. డబ్ అన్నవి రెండే రెండు పెట్టెలు.

కిరాయి దగ్గర కూడా మిగిలేదే. కాకపోతే డబ్బా వచ్చింది సరిగ్గా భోగి రోజున. మా హమాలీలంతా శ్రీకాకుళం వైపు వాళ్లు, పండక్కి ఊళ్లకి పోయారు, కనుమ అయ్యాక గాని తిరిగి రాలేదు. ఖాళీ డబ్బా గడువులోగా వెనక్కి ఇవ్వలేదని రోజుకింత చొప్పున డిటెన్షన్ వేశారు, మిగిలిందాంట్లో సగం అటే పోయింది. మా ఆవిడ అడుగుతోంది, సంక్రాంతి ఎప్పుడో క్యాలెండర్లో ఉంటుంది కదా, చూసుకుని బుక్ చెయ్యలేకపోయారా అని. దీనికి ఏ చట్టంలోనైనా సడలింపు ఉందా అన్నా?